నాన్న రేజర్

"ఇవి కడుపు రాకుండా వాడే మాత్రలటగా. పద్నాలుగేళ్ళ పిల్లవి, వీటితో నీకేం పనే?"

సొకోర్రో మాత్రల అట్టను కూతురి మీదికి విసిరింది. మందుల షాపులో పనిచేసే పక్కింటి చెపీతా అప్పుడే చెవిలో ఊది వెళ్ళింది. ఆవిడుండగా మసాయా ఊరికి రేడియో దండగ.

"డాక్టరమ్మే రాసిచ్చిందమ్మా," అంది యాహోస్కా. "ఒంట్లో మగ హార్మోను ఎక్కువైందట. నెలసరి తప్పుతున్నది అందుకేనట. గడ్డం మీద ఈ వెంట్రుకలూ దానివల్లేనట. కొన్ని నెలలు వాడితే అన్నీ దారిలో పడతాయంది."

"మన వంశంలో ఆడదానికి గడ్డమొచ్చిందని ఎక్కడైనా విన్నామా? నోర్ముయ్. నలుగురిలో తల ఎత్తుకు తిరగద్దూ?"

మాత్రలు మురుగుకాలవ పాలయ్యాయి.

యాహోస్కా భయమల్లా, ఆడపిల్లకు పదిహేను నిండగానే అందరినీ పిలిచి చేసే పండుగ గురించే. గులాబీ గౌనులో చర్చి వాకిట నిలబడితే, వచ్చిన ప్రతివాళ్ళూ చెంపకు చెంప ఆనించి ముద్దు పెడతారు. అది మర్యాద. వద్దనడానికి లేదు.

ఆ మర్యాద పాటించనిది ఊళ్ళో సొకోర్రో ఒక్కతే. దూరం నుంచే చెయ్యి చాపేది. మొగుడు కోస్టారికా పోయి తిరిగి రాకపోయినా పొగరు దిగలేదని జనం మూతులు తిప్పేవారు. కన్నకూతురికైనా నుదుటి మీదే ముద్దు. తన గరుకు చెంపంటే అమ్మకు రోత అని యాహోస్కా కుమిలిపోయేది.

ఒకసారి స్నానాలగదిలో రేజర్ తీయబోతే తల్లి చెయ్యి మీద కొట్టింది. "అది మీ నాన్నది. ముట్టుకున్నావంటే చూడు."

ఆ మనిషి వదిలిపోయిన ఆ ఒక్క వస్తువునూ రోజూ కడిగి తుడిచి పెట్టుకునేది సొకోర్రో. "ఇంకా ఆశ చావలేదు, పిచ్చిది," అనేది చెపీతా.

నెలలు గడిచాయి. యాహోస్కా ఒక్కో వెంట్రుకా పీక్కుని గడ్డమంతా పుండ్లు చేసుకుంది. వెంట్రుకలు మాత్రం ఇంకా నల్లబడ్డాయి.

పండుగ రోజు పొద్దున్నే తల్లి ఆమెను స్నానాలగదిలోకి లాగి గడియ పెట్టింది. చేతిలో రేజర్, సబ్బు నురగ.

అమ్మ ఇన్నాళ్ళకు కరిగిందనుకుంది యాహోస్కా. గడ్డం ఎత్తి కళ్ళు మూసుకుంది.

"కళ్ళు తెరిచి చూడవే, ఇక రోజూ ఎవరూ లేవకముందే ఇలాగే చేసుకోవాలి," అంటూ సొకోర్రో నురగను తన గడ్డానికే రాసుకుంది.