పెద్దయిన శరణ్య వాంగ్మూలం

ఏలూరు కుటుంబ న్యాయస్థానంలో గోడ మీది తెర వెలిగింది. ముప్పయ్యేళ్ల యువతి ఒకామె అందులోంచి నమస్కరించి, "నన్ను అమ్మ దగ్గరే ఉంచండి, నాకు అదే మేలు," అంది.

విడాకుల కేసుల్లో పిల్లల మాట వినాలన్నది చట్టం. పసివాళ్లకు మంచీచెడూ తెలియవు కనుక, పెద్దయ్యాక వాళ్లేమంటారో యంత్రం చేత పలికించడం ఇప్పుడు అన్ని కోర్టుల్లోనూ మామూలే.

కేసు గెలిచానని కాంచనమాలకు అర్థమైంది. ఇంతలో ఏడేళ్ల కూతురు శరణ్య ఆమె చెయ్యి లాగింది.

"అమ్మా, ఆ ఆంటీ ఎవరు?"

"నువ్వేనమ్మా," అన్నారు జడ్జిగారు నవ్వుతూ.

"నేనలా అనను. నేను చెప్పొచ్చా?"

"నీ మాట విన్నాం కదమ్మా."

కాంచనమాల తలెత్తి చూసింది. తెర మీది మనిషికి శరణ్య గడ్డం మీది పుట్టుమచ్చ కూడా ఉంది. ఎదురుగా ఉన్న పిల్లను మాత్రం ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు.

లేచి నిలబడింది. "అయ్యా, మా పాపనే అడగండి."

"గెలిచాం, కూర్చోండమ్మా," అని లాయరు గొణిగాడు. ఆమె కూర్చోలేదు.

జడ్జిగారు తటపటాయించి తెర ఆర్పించారు. "చెప్పమ్మా."

"నాన్న దగ్గరుంటాను," అంది శరణ్య, తల్లి చెయ్యి వదలకుండానే.

"అదే రాసుకోండి," అంది కాంచనమాల.