ఏడో నంబరు

గురువారం పొద్దున సౌమ్య ల్యాబ్ తలుపు తీసేసరికి మెట్ల మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది.

"పొద్దుగాల్నుంచి ఏం తినలే బిడ్డా," అంటూ చెయ్యి చాపింది. ఆ చెయ్యి వణుకుతోంది.

సౌమ్య సంచిలోంచి బిస్కెట్ పొట్లం తీసి ఆ చేతిలో పెట్టి లోపలికి పోయింది. తన తిప్పలు తనకున్నాయి.

సిద్దిపేటలోని ఆ చిన్న ల్యాబ్‌లో వణుకు జబ్బుకు మందు వెతుకుతున్నారు. రోగుల నెత్తురు నుంచి మూలకణాలు చేసి, వాటితో పెసరగింజంత మెదడు ముద్దలు పెంచి, వాటి మీద మందు పరీక్షిస్తారు. పన్నెండు మందిలో ఏడో నంబరు ముద్దలే నిలిచాయి. మందుకు లొంగినవీ అవే. పోయిన వారం బూజు పట్టి అవీ పోయాయి, దాచిన కణాలూ బతకలేదు. మళ్ళీ నెత్తురు కావాలి. తీసుకునే అనుమతి శనివారంతో సరి.

రోగుల పేర్లు ల్యాబ్‌కు చెప్పరు. అది రూలు. పేర్లన్నీ అవతలి బిల్డింగులో, ఆఫీసు చూసే శ్రీవాణి దగ్గరే.

"ఏడో నంబరోళ్ళకు ఫోన్ చేసిన అక్కా. సీదా ల్యాబ్‌కే వస్తరట," అంది శ్రీవాణి.

అంత జోరుగా పెరిగిన కణాలు ఏ కుర్రాడివో అయి ఉంటాయని సౌమ్య అనుకుంది. అడుగుల చప్పుడైతే చాలు, కిటికీ దగ్గరికి పరిగెత్తేది.

శుక్రవారం మళ్ళీ ముసలమ్మే.

"ఇయ్యాల గూడ ఏం తినలే బిడ్డా. నేను..."

"పనిల ఉన్న అవ్వా. గిది తిను." ఇంకో పొట్లం ఇచ్చి తలుపు వేసుకుంది.

శనివారం కూడా ముసలమ్మను చూసేసరికి సౌమ్యకు ఒళ్ళు మండింది.

"రోజూ గీడనే కూసుంటె ఎట్ల అవ్వా? నా కోసం మనిషి వచ్చేదున్నది. జర జరుగు."

ముసలమ్మ వణికే చేతిని కొంగులో దాచుకుంది. మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఐదైంది. ఎవరూ రాలేదు. ఉండబట్టలేక సౌమ్య ఆఫీసుకు బయలుదేరింది. మెట్ల మూలన రెండు బిస్కెట్ పొట్లాలు విప్పకుండా ఉన్నాయి. ఆకలన్న మనిషి తినాలి కదా అని విసుక్కుంది.

శ్రీవాణి ఏడో నంబరు వాళ్ళింటికి ఫోన్ కలిపి ఆమెకిచ్చింది. కొడుకట, ఎత్తాడు.

"బొంబాయి దిక్కు భీవండి పోయే బస్సుల ఉన్నం మేడం. ఇగ కుదరది."

"ఒక్కసారన్న రావద్దా అన్నా?" సౌమ్యకు ఏడుపొక్కటే తక్కువ.

"రాకేంది మేడం? పోయినసారి పరిగడుపున నెత్తురు తీసిన్రని, మా అవ్వ మూడు దినాలు మంచినీళ్ళు గూడ ముట్టకుంట మీ మెట్ల మీదనే కూసున్నది."