గొలుసు చప్పుడు

"ముందు దీని తల్లిని చూపించండి," అంది దర్జీ ఆవిడ, ఒళ్ళో కుక్కపిల్ల నడుము తడుముతూ.

"అది కరుస్తుందమ్మా," అన్నాడు కుక్కల పెంపకందారు. "ఈ పిల్ల మామూలు జర్మన్ షెపర్డ్‌కి ఒకటిన్నర రెట్లు ఎదుగుతుంది. దొంగ గేటు దగ్గరే హడలి చస్తాడు."

"తీసుకుందాం అమ్మా," అన్నాడు ఆవిడ కొడుకు. "పగలంతా ఒక్కదానివే ఉంటావు."

పోయిన నెల పట్టపగలే ఎవడో ఇంటి తాళం పగలగొట్టాడు. అప్పట్నుంచీ గేటు చప్పుడైతే చాలు, ఆవిడకి గుండె జారిపోతోంది. కానీ ముప్పై ఏళ్ళు ప్యాంట్లు కుట్టిన కన్ను ఊరుకోదు కదా!

"ఒంటికి తగ్గ కాళ్ళు కావివి. వెనక మరీ కుంగిపోయింది."

"ఆ నడుం వాలు కోసమే జనం ఎగబడతారు!"

అంతలో లోపలి తలుపు భళ్ళున తెరుచుకుంది. దూడంత తల్లి కుక్క ఆవిడ మీదికే దూసుకొచ్చింది.

"అమ్మా, కదలకు!"

ఆవిడ పిల్లని ఒళ్ళో అదిమి పట్టుకుంది. సగం దూరంలో కుక్క వెనక కాళ్ళు చతికిలబడ్డాయి. ముందు కాళ్ళతోనే ఈడ్చుకుంటూ వచ్చి, ఆవిడ కుర్చీ వెనక నక్కింది. దాని వణుకుకి కుర్చీ కూడా వణికింది.

పెంపకందారు గొలుసు అందుకున్నాడు.

"దీనిచేత మళ్ళీ పిల్లల్ని పెట్టిస్తారా?" అంది ఆవిడ.

"వచ్చే నెలే. మీలాంటివాళ్ళు అడుగుతుంటే ఎలా ఆపను?"

ఆవిడ పిల్లని మెల్లగా తల్లి పక్కన దించింది.

గొలుసు గల్లుమంది. కుర్చీలో ఆవిడా, వెనక కుక్కా ఒక్కసారే ఉలిక్కిపడ్డారు.