రెండేళ్ళ తేడా

"సృష్టి ఏ సంవత్సరంలో మొదలైందో రేపు పొద్దుటికల్లా తేల్చకపోతే మీ పుస్తకం అచ్చు వెయ్యను మాస్టారూ! దేవుడు ఆరు రోజుల్లో చేసిన పనికి లెక్క కట్టడానికి మీకు ఆరేళ్ళు కూడా చాలేలా లేవు!"

ప్రెస్సు యజమాని మాస్టారింటి గుమ్మంలోంచే అరిచి చక్కా పోయాడు. బైండింగు పని చేసే ఆవిడ పవిత్ర గ్రంథం ఒళ్ళో పెట్టుకుని తల దించుకుంది. తప్పు తనదే మరి.

మాస్టారికి చిన్న అక్షరాలు ఆనవు. అందుకే ఏడాదిగా రోజూ నాలుగింటికి, బంక అంటిన చేతులు కడుక్కుని ఆవిడ వస్తుంది. గ్రంథంలోని వంశావళి చదువుతుంది. ఫలానా ఆయనకి నూట ముప్పయ్యో ఏట కొడుకు పుట్టాడు, ఆ కొడుక్కి నూట అయిదో ఏట ఇంకో కొడుకు... మాస్టారు పెద్ద పలక మీద జానెడేసి అంకెలు వేసి కూడతారు. ఆవిడ ఒకసారి పైనుంచి కిందికి, ఒకసారి కిందినుంచి పైకి చదివితే ఆయన రెండుసార్లూ కూడతారు. రెండు మొత్తాలూ కలిస్తే సృష్టి జరిగిన ఏడు తేలినట్టే. ఇదివరకటి పండితుల్లో ఒకరి లెక్క ఒకరితో పొసగలేదు. తేల్చేది తనేనని మాస్టారి ఆశ.

తేలితే ఇక ఆవిడ రావలసిన పనే ఉండదు. "కాస్త మంచినీళ్ళు తాగి చదవండి" అనే మనిషి ఆవిడకి ఈ లోకంలో ఇంకెవరూ లేరు. అందుకే రోజూ రెండోసారి చదివేటప్పుడు ఎక్కడో ఒకచోట గుట్టుచప్పుడు కాకుండా రెండేళ్ళు మింగేసేది.

ఇవాళ మాత్రం వాడిపోయిన ఆయన ముఖం చూస్తే ప్రాణం ఉసూరుమంది. ఒక్క ఏడూ మింగకుండా రెండుసార్లూ చదివేసింది. చివరి పేరు చదివి గ్రంథం మూసింది. రేపటినుంచి నాలుగింటికి తనేం చెయ్యాలి?

"కలిశాయా మాస్టారూ?"

ఆయన పలకని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశారు. "ప్చ్! మళ్ళీ రెండేళ్ళ తేడా."

"అదెలా? ఇవాళ సరిగ్గానే చదివానే!" అనేసి నాలిక కరుచుకుంది.

మాస్టారు కోప్పడలేదు. తడిగుడ్డతో పలకంతా తుడిచేశారు.

"ఆ వయసులన్నీ నాకు ఎప్పుడో కంఠతా వచ్చేశాయండీ" అన్నారు మెల్లిగా. "మీరు తప్పు చదివినన్నాళ్ళూ నేను సరిగ్గానే కూడుతూ వచ్చాను. ఇవాళ మీరు సరిగ్గా చదివేశారు. మరి ఎవరో ఒకరం తప్పాలి కదా!"