లేవని చెయ్యి

ఆ హమాలీది దొంగనొప్పి అని నర్సమ్మకు మొదటి రోజే అనుమానం వచ్చింది.

గోదాములో టీకాలు వేసిన నెలకు అతను ఫిర్యాదు రాసిచ్చాడు. సూది భుజం పైన, కీలు దగ్గర పొడిచారట. అప్పట్నుంచీ ఎడమ చెయ్యి లేవడం లేదట. వైద్యం కంపెనీయే చేయించాలట.

నర్సమ్మకు ఒళ్లు మండిపోయింది. భుజం ఎముక నుంచి మూడు వేళ్లు కిందికి కొలిచి మరీ పొడుస్తుందని ఇరవై రెండేళ్లుగా ఆమెకు పేరు. కొత్త నర్సులకు ఆ కొలత నేర్పేదీ ఆమే. ఇప్పుడు ఫిర్యాదు నిజమని తేలితే ఇక సూది ముట్టుకోనివ్వరు. ఆ రోజు వరస చాంతాడంత ఉన్న మాట నిజమే. పేరు పక్కన టిక్కు పెట్టడం, పొడవడం, మొహాలు చూసే తీరికెక్కడిది? బిగుతు చొక్కా చేతులు పైకి మడవడానికి రాకపోతే ఎవరికో కాలరు పక్కకు లాగి పొడిచేసింది కూడా. కానీ ఈ హమాలీ ఏడాది పొడుగునా చేతుల్లేని బనీనులోనే తిరుగుతాడు! ఇక కాలరెక్కడిది?

వారం రోజులు అతని మీద కన్నేసింది. పనిలో ఉన్నంతసేపూ ఎడమ చెయ్యి పొట్టకు ఆనించుకుని ఒకటే మూలుగు. ఏడో రోజు సాయంత్రం బస్సు కదిలిపోతుంటే పరుగెత్తుకొచ్చి, ఆ చేత్తోనే కడ్డీ పట్టుకుని వేలాడాడు. వెనక సీట్లో ఉన్న నర్సమ్మ ఫోన్లో వీడియో తీసేసింది.

విచారణలో డాక్టరు ఆ వీడియో రెండుసార్లు చూశాడు. హమాలీ మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. నర్సమ్మకు ఏనుగెక్కినంత సంబరంగా ఉంది.

"టీకా వేయించుకున్న చెయ్యి ఇదేనా?" అన్నాడు డాక్టరు.

"నేనసలు వేయించుకోలేదండీ. సూదంటే నాకు చచ్చేంత భయం. నా కార్డిచ్చి మా బావమరిదిని పంపాను."

అందరూ గొల్లుమన్నారు. అందరికన్నా గట్టిగా నర్సమ్మే నవ్వింది. మూటలు మోసే మనిషి సూదికి భయపడ్డాడట!

"మరి నెల రోజులుగా ఆ మూలుగులు ఎవరి కోసమయ్యా?" అంది నవ్వాపుకుంటూ.

హమాలీ తలొంచుకున్నాడు.

"కార్డు నాది కదండీ, అందుకని నొప్పీ నాదే అన్నాను. వాడు బయట బెంచీ మీద ఉన్నాడు చూడండి, ఆ బిగుతు చొక్కావాడు. వాడి చెయ్యి నిజంగానే లేవట్లేదు."