రెండో కాలు

పవిత్ర గురువారం, ఏసు తన పన్నెండుమంది శిష్యుల పాదాలు కడిగిన రోజు. చండ్రుగొండ చర్చిలో పాదాలు కడిగించుకోవడానికి కూర్చున్న పన్నెండు మందిలో అంతోనయ్యకొక్కడికే ఎత్తు కుర్చీ వేశారు. అతనికి తుంటి కీలు మార్పిడి ఆపరేషనై నెలన్నరే అయింది. వంగినా, కింద కూర్చున్నా కీలు జారుతుందని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు.

ఫాదర్ సుకుమార్ మోకరించి, ఆనవాయితీ ప్రకారం కుడికాలు ఒక్కటే కడిగి, తుడిచి, ముద్దుపెట్టాడు. పక్కాయన వైపు జరగబోతుంటే అంతోనయ్య ఎడమకాలు ముందుకు చాపాడు.

"ఇది గూడ కడుగున్రి, ఫాదర్. వంగొద్దన్నరు. నా చెయ్యి అందుతలేదు."

ఫాదర్ ఆ కాలు చేతుల్లోకి తీసుకున్నాడు. ఎక్కడా మురికి లేదు. వేళ్ళ సందుల్లో ఇంకా సబ్బు వాసన.

"శుభ్రంగనే ఉంది గదా, అంతోనయ్యా?"

"అవ్. పొడుగు బ్రష్షుతోని రోజూ రుద్దుకుంట." అంతోనయ్య గొంతు తగ్గించాడు. "ఇంట్ల ఒక్కన్నే. బ్రష్షు మనిషి చెయ్యి గాదు గద, ఫాదర్."