గడ్డి దూడ

భద్రాచలం అడవి అంచున ఉండే ఎబినేజర్ తన ఆవు పాలన్నీ చీజ్ కంపెనీకే పోస్తాడు. ఆ చీజ్ ఓడెక్కి దుబాయ్ పోతుంది. అక్కడెవరో తినాలి కాబట్టి, ఇక్కడి దూడకు తల్లి పాలు చుక్కయినా దక్కలేదు.

"కోడెదూడే గదా, పోతే పోనీ," అన్నాడతను. అది ఆకలితోనే చచ్చిపోయింది.

దూడ కనబడకపోతే ఆవు పాలు చేపదు. అందుకని దాని తోలు ఒలిచి, లోపల ఎండుగడ్డి కూరి, పొట్ట కుట్టి, ఆవు ముందు నిలబెట్టాడు. పిచ్చితల్లి ఆ బొమ్మనే నాకుతూ పాలిచ్చింది.

ఆ రాత్రి కరెంటు పోయింది. చీకట్లో పాలు పిండుతుంటే ఎబినేజర్ మెడ మీద గరుకుగా నాలుక తగిలింది. ఆవు వెనక్కి తిరిగి అతన్నే నాకుతోంది. ప్రేమగా, ఆపకుండా.

"నన్నెందుకు నాకుతున్నవే? నీ బిడ్డ గటు ఉంది," అని నవ్వుతూ ఫోన్ లైటు వేశాడు.

దూడ తోలు నేల మీద ఖాళీగా పడి ఉంది. లోపల ఒక్క గడ్డిపరక లేదు. కుట్లు ఊడిన పొట్ట అతని వైపే తెరుచుకుని ఉంది.

బయటి నుంచి భార్య అక్సా కేకేసింది. "ఏమయ్యా, పిండుడు అయిందా? కంపెనీ బండొచ్చింది, జల్దీ రా!"

వస్తున్నానని చెప్పబోయాడు.

నోటి నిండా ఎండుగడ్డి.